మత్తుకు దూరంగా మన వర్క్‌షాపులు: చిన్న కంపెనీలు చేయగలిగిన పని

(రియాద్‌లోని అల్ అజీజియాలో ఒక శుక్రవారం సాయంత్రం ఇస్తిరాహాలో జరిగిన ప్రవాస తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వారానికి దొరికే ఒక్క సెలవు పూట బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకోవడం పక్కన పెట్టి ఇక్కడిదాకా వచ్చారు. ముందుగా అందుకు కృతజ్ఞతలు. ఈ రోజు నాకిచ్చిన విషయం మత్తుపదార్థాలు లేని పనిచోటు. కంప్యూటర్ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ వాడికి ఈ విషయంతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టర్ని కాను, వకీలునూ కాను. ఒకసారి నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు. దానివల్ల ఒక మనిషి బతుకుదెరువు పోయింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

2014లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఈ అజీజియాలోనే ఒక చిన్న ఏసీ డక్టుల వర్క్‌షాపు ఫోర్‌మన్ నాకు ఫోన్ చేశాడు. "తమ్మీ, కొత్తగ వచ్చిన మనిషి పిచ్చిపిచ్చిగ మాట్లాడుతుండు. దవాఖానకు తీస్కపోతున్నం. డాక్టర్‌కు ఇంగ్లీషుల జర సమజ్ చేసి చెప్దువు గాని, రా" అన్నాడు. వెళ్ళాను. కోరుట్ల వైపు నుంచి వచ్చిన అన్న. వయసు నలభై దాకా ఉంటుంది. దిగి నాలుగో రోజు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి, బనియను చెమటకు తడిసిపోయింది, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చూపిస్తున్నాడు. అంతకు ముందు రాత్రి ఫిట్స్ వచ్చి మంచం మీద నుంచి పడ్డాడట.

డాక్టర్ అడిగాడు, ఇతను డ్రగ్స్ ఏమైనా వాడతాడా అని. నేను దాన్ని తెలుగు చేసి అడిగాను, "అన్నా, మత్తుమందులు ఏమన్న తీస్కుంటవా?" అని. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా పిల్లల మీద ఒట్టు తమ్మీ, బీడీ తప్ప ఏదీ ముట్ట" అన్నాడు. నేను అదే చెప్పాను. డాక్టర్ మూర్ఛరోగం అని రాశాడు. కంపెనీవాళ్ళు కాయితం చూసి, ప్రొబేషన్‌లోనే ఉన్నాడు కదా అని ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపించేశారు. ఏజెంటుకు కట్టిన 70 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. ఇంటి దగ్గర భార్య బీడీలు చేస్తుంది.

ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే ప్రశ్న తప్పు అడిగాను. "రోజూ కల్లు తాగుతవా, ఎన్ని సీసాలు?" అని అడగాల్సింది. మన ఊళ్ళో కల్లును ఎవరైనా మత్తుమందు అంటారా? బోనాలకు, పెళ్ళికి, చావుకు అన్నింటికీ ఉండేదే కదా!

మరుసటి సంవత్సరం, అంటే 2015 సెప్టెంబరులో, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వార్తలు చదివినప్పుడు నాకు విషయం తెలిసింది. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి కల్లులో కలిపే మందు ఒక్కసారిగా తగ్గేసరికి వందలమంది ఆసుపత్రుల్లో చేరారు. చేతుల వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం, పొంతన లేని మాటలు. అచ్చం ఆ అన్న లక్షణాలే. కల్తీ కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. ఏళ్ళతరబడి రోజూ ఒంట్లోకి వెళ్ళినవి ఒక్కరోజులో ఆగిపోతే మెదడు తట్టుకోలేదు. ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, కొన్నిసార్లు వారం తర్వాత కూడా ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు రోజు దాకా తాగి, ఇక్కడ దిగిన రోజు నుంచి చుక్క లేని మనిషికి సరిగ్గా అదే జరుగుతుంది.

ఆ వార్త చదివాక ఆయనకు ఫోన్ చేశాను. "ఊరికొచ్చి రెండు సీసలు తాగంగనే నిమ్మళమైంది తమ్మీ. గాలి మార్పు పడలేదు గంతే" అన్నాడు. అర ఎకరం అమ్మి అప్పు తీర్చాడు. మళ్ళీ గల్ఫ్ రాలేదు.

మిత్రులారా, ఆ వర్క్‌షాపులో పదిహేనుమంది పనిచేసేవారు. వెల్డింగ్ ఎలా చెయ్యాలో, హెల్మెట్ ఎప్పుడు పెట్టాలో గోడ మీద రాసి ఉంది. మత్తు గురించి ఒక్క ముక్క లేదు. ఫోర్‌మన్‌కు తెలియదు, నాకు తెలియదు, ఆ అన్నకే తెలియదు. పెద్ద కంపెనీలకు డాక్టర్లు, హెచ్ఆర్, సేఫ్టీ ఆఫీసర్లు ఉంటారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే చిన్న వర్క్‌షాపులు, మెస్సులు, పెయింటింగ్ గ్యాంగులు, కార్గో ఆఫీసులకు ఎవరున్నారు? నా ఆలోచనలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

ముందుగా, మన దగ్గర మత్తు ఏ రూపంలో ఉంటుందో చూద్దాం. సినిమాల్లో చూపించే తెల్లపొడి కాదు. ఒకటి, ఇప్పుడు చెప్పిన కల్తీ కల్లు అలవాటు. రెండోది నొప్పి గోళీలు, దగ్గు మందులు. ట్రమడాల్, ప్రెగాబాలిన్, కోడీన్ ఉన్న సిరప్, నిద్ర మాత్రలు. మన దగ్గర మెడికల్ షాపువాడు ఎంత సులువుగా చేతిలో పెట్టినా, ఇక్కడ ఇవి నియంత్రణలో ఉన్న మందులు. డాక్టర్ చీటీ, రిపోర్టు, ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే కేసే. మూడోది, డ్రైవర్లు నిద్ర ఆపుకోవడానికి మింగే గోళీలు. క్యాప్టగాన్ పేరుతో తిరిగేవి ఎక్కువగా యాంఫెటమిన్ గోళీలు. 2022 ఆగస్టు చివర ఈ రియాద్‌లోనే పిండి లోడులో దాచిన సుమారు 4 కోట్ల 70 లక్షల గోళీలు పట్టుబడ్డాయి. మన రోడ్ల మీద ఎంత సరుకు తిరుగుతోందో దాన్నిబట్టి ఊహించుకోండి. నాలుగోది, క్యాంపుల వెనక కాచే సిద్దీఖీ సారా.

ఇంకొకటి కూడా ఉంది, అది మత్తు కోసం కాదు, తెలియక మోసుకొచ్చేది. అమ్మ కూరలోకి కట్టిచ్చిన గసగసాల పొట్లం. గసగసాలు ఇక్కడ నిషేధం. అలాగే "మా తమ్మునికి ఇయ్యి" అని ఎవరో ఎయిర్‌పోర్టుకు తెచ్చిచ్చిన పచ్చడి డబ్బా. అందులో ఏముందో మూత తీసి చూడని మంచితనానికి మనవాళ్ళు గల్ఫ్ జైళ్ళలో ఏళ్ళు గడిపారు.

ఇప్పుడు చట్టం సంగతి. సౌదీ మత్తుపదార్థాల నిరోధక చట్టం 2005లో వచ్చింది. స్మగ్లింగ్‌కు మరణశిక్ష దాకా ఉంది. కొంతకాలం ఆపిన మత్తు కేసుల మరణశిక్షలను 2022 నవంబరులో మళ్ళీ అమలు చేయడం మొదలుపెట్టారు. అమ్మకానికి 5 నుంచి 15 సంవత్సరాల జైలు. సొంతానికి వాడినా 6 నెలల నుంచి 2 సంవత్సరాలు. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు, హజ్, ఉమ్రాకు తప్ప తిరిగి రానివ్వరు. ఇవన్నీ మీలో చాలామందికి తెలుసు, భయమూ ఉంది. చాలామందికి తెలియనిది అదే చట్టంలోని 42వ అధికరణం. మత్తుకు అలవాటుపడిన మనిషి తానే స్వయంగా గానీ, అతని తల్లిదండ్రులు, పిల్లలు, భార్య, బంధువులు గానీ చికిత్స కావాలని ముందుకు వస్తే వాడినందుకు కేసు పెట్టరు. తన దగ్గర సరుకు ఏమైనా ఉంటే అప్పగించాలి, లేదా ఎక్కడుందో చూపించాలి. రియాద్, జెద్దా, దమ్మాంలలో అల్ అమల్ ఆసుపత్రులు 1980ల నుంచీ ఈ చికిత్స కోసమే ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఇరాదా పేరుతో పిలుస్తున్నారు. సలహా కోసం 1955 నంబరు ఉంది.

ఆ జాబితాను ఒకసారి గమనించండి. అందులో యజమాని లేడు, ముదీర్ లేడు, ఫోర్‌మన్ లేడు. అంటే మనిషి పట్టుబడకముందే, తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళాలి. ఆ అడుగు వేసే ధైర్యం అతనికి ఇవ్వడమే మన పని. మత్తురహిత పనిచోటు కార్యక్రమం అంటే నా దృష్టిలో ఇంతే. మనవాళ్ళను పట్టివ్వడానికి కాదు, పట్టుబడకముందే కాపాడుకోవడానికి.

దీనికి లోకంలో నమూనాలున్నాయి. అమెరికాలో 1988లో డ్రగ్ ఫ్రీ వర్క్‌ప్లేస్ చట్టం వచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టులు, గ్రాంట్లు తీసుకునే సంస్థలు రాతపూర్వకమైన నియమావళి పెట్టుకోవాలి, పనివాళ్ళకు అవగాహన కల్పించాలి అంది. అక్కడ పనిచేస్తున్న మన మిత్రులు ఉద్యోగంలో చేరేటప్పుడు మూత్రపరీక్ష ఇచ్చి ఉంటారు కాబట్టి చట్టమంటే పరీక్షే అనుకుంటారు. కానీ ఆ 1988 చట్టం పరీక్షలు చేయమని ఎక్కడా ఆదేశించలేదు. పదేళ్ళ తర్వాత, 1998లో చిన్న వ్యాపారాల కోసం విడిగా ఇంకో చట్టం చేశారు. పదిమంది పనిచేసే దుకాణదారు ఇవన్నీ ఒంటరిగా చేయలేడని గుర్తించి, అతనికి సాయపడే మధ్యవర్తి సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రచురించిన నియమావళి కూడా మద్యం, మత్తు సమస్యను ఆరోగ్య సమస్యగానే చూడమంటుంది.

ఆ మధ్యవర్తి పాత్రే మనలాంటివాళ్ళం పోషించవచ్చు. ఇక్కడ సంఘాలకు పరిమితులున్నాయి, కాబట్టి బోర్డులు, బ్యానర్లు వద్దు. మేం నలుగురు మిత్రులం ఒక పేజీ కాయితం తయారుచేసి తెలిసిన మూడు వర్క్‌షాపుల్లో మొదలుపెట్టాం. అనుభవం మీద చెబుతున్నాను, పని ఐదు భాగాలు.

మొదటిది, రాసిన కాయితం. ఒక్క పేజీ చాలు. తెలుగు, ఉర్దూ, బెంగాలీ, అరబిక్‌లో ఉండాలి. ఏవి నిషేధమో, ఏ మందుకు చీటీ కావాలో, సాయం అడిగితే ఏం జరుగుతుందో రాయాలి. "తనంతట తాను వచ్చి చెప్పుకున్నవాణ్ణి ఆ కారణం మీద పనిలోంచి తీసెయ్యం" అనే వాక్యం తప్పనిసరి. దాని కింద ముదీర్ సంతకం ఉండాలి. ఆ సంతకం లేకపోతే మిగతా కాయితానికి విలువ లేదు. ఒక వర్క్‌షాపులో ఆ ఒక్క వాక్యం దగ్గరే మేం రెండు నెలలు ఆగిపోయాం. ముదీర్ మిగతా అన్నింటికీ ఒప్పుకున్నాడు, దానికి మాత్రం ఒప్పుకోలేదు. చివరికి ఒప్పించింది మేం కాదు, అక్కడ పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఒక కేరళ స్టోర్‌కీపర్. "సార్, వాడు చెప్పకుండా మీ క్రేన్ ఎక్కితే ఏం చేస్తారు?" అని అడిగాడట.

రెండోది, అవగాహన. గంటసేపు ఉపన్యాసం వద్దు. నేను ఇప్పుడు చేస్తున్న తప్పు మీరు చేయకండి. శుక్రవారం మెస్సులో అన్నం తిన్నాక పది నిమిషాలు. కొత్తగా దిగినవాడికి మొదటి రోజే. "కల్లు అలవాటుందా? ఏ గోళీలు తెచ్చుకున్నవ్?" అని పక్కకు పిలిచి, అన్నలాగా అడగాలి. అలవాటుందని చెబితే ఆ వారం పైకి ఎక్కించవద్దు, మిషను దగ్గర నిలబెట్టవద్దు, రాత్రి ఒంటరిగా పడుకోనివ్వవద్దు. వణుకు మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ డాక్టర్‌కు "అల్ప్రాజోలం, డైజోఫాం కలిసిన కల్లు ఆగిపోయింది" అని ఆ పేర్లతోనే చెప్పాలి. ఈ ఒక్క ముక్క 2014లో నాకు తెలిసి ఉంటే బాగుండేది.

మూడోది, ఫోర్‌మన్‌కు శిక్షణ. ఫోర్‌మన్ రోగం పేరు చెప్పాల్సిన పనిలేదు. చూసింది చూసినట్టు రాసుకుంటే చాలు. పొద్దున రెండుసార్లు ఆలస్యం, చేతులు వణకడం, నిలబడి తూగడం. నలుగురిలో తిట్టకూడదు, వాట్సాప్ గ్రూపులో ఫోటో అసలే పెట్టకూడదు. ఆ ఫోటో రాత్రికల్లా జగిత్యాలలో అతని బామ్మర్ది ఫోన్‌లో ఉంటుంది. ఆ తర్వాత ఎవరూ వచ్చి నోరు విప్పరు.

నాలుగోది, సాయం. ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒకే ఒక్క మనిషి పేరు చెప్పండి. అతను జీతాలు ఇచ్చేవాడు కాకపోతే మంచిది. చికిత్సకు పోయే రోజులను సిక్ లీవ్‌గా రాయండి. సౌదీ కార్మిక చట్టం 117వ అధికరణం ప్రకారం ఏడాదిలో మొదటి 30 రోజులు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులు ముప్పావు జీతం, ఆపైన 30 రోజులు జీతం లేని సెలవు. జీతం ఆగదని తెలిస్తేనే మనిషి చికిత్సకు వెళతాడు, అప్పు నెత్తిమీద ఉంది కదా. వెళ్ళేముందు ఎంబసీలోనో, తెలిసిన వకీలుతోనో ఒకసారి మాట్లాడించండి. అయితే ఒక గీత స్పష్టంగా గీయండి. వాడేవాడు వేరు, గదిలో పెట్టి అమ్మేవాడు వేరు. అమ్మేవాణ్ణి దాచిపెడితే ఆ గదిలో ఉన్న పదిమందీ నిందితులవుతారు. అక్కడ మొహమాటం వద్దు, 995కు చెప్పాల్సిందే.

ఐదోది పరీక్షలు. కావాలనే చివర పెట్టాను. చాలామంది ముదీర్లు ఇక్కడే మొదలుపెడదామంటారు, కాయితం మీద ఫలితం కనబడుతుంది కాబట్టి. కానీ పరీక్షకు సందర్భం తెలియదు. గసగసాలు తిన్నవాడి మూత్రంలో మార్ఫిన్ కనబడవచ్చు. అమెరికా ప్రభుత్వమే ఈ చిక్కుతో 1998లో ఓపియేట్ పరీక్ష పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. చీటీ మీద మందు వాడేవాడూ పాజిటివ్ రావచ్చు. ఇక్కడ పాజిటివ్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు, డిపోర్టేషన్ కూడా. సాయం దొరికే దారి పెట్టకుండా పరీక్ష పెడితే, వాడేవాడు మానడు, దాక్కుంటాడు. లేదా ఖల్లివల్లి అయిపోతాడు. క్రేన్ ఆపరేటర్లు, డ్రైవర్లు లాంటి ప్రమాదకరమైన పనులకు పరీక్ష అవసరమే. కానీ మొదటి నాలుగూ నిలబడ్డాక.

ఇంకో మాట, ఇది యజమానులకు కష్టంగా ఉండవచ్చు. చట్టప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 48. డ్రైవర్‌తో పదహారు గంటలు బండి నడిపించి, గోళీలు మింగవద్దని గోడ మీద కాయితం అంటిస్తే అది కార్యక్రమం కాదు, నాటకం. డ్యూటీ షీటు సరిచేయడం కూడా మత్తురహిత కార్యక్రమంలో భాగమే.

"పదిమంది ఉన్న దుకాణానికి ఇదంతా ఎందుకు" అని అడుగుతారు. పదిమందిలో ఒక్క డ్రైవర్ పట్టుబడితే బండి పోతుంది, కాంట్రాక్టు పోతుంది, మిగతా తొమ్మిదిమందినీ పోలీసులు ప్రశ్నిస్తారు. పెద్ద కంపెనీ ఆ దెబ్బను తట్టుకుంటుంది, చిన్న దుకాణం మూతపడుతుంది.

చివరిగా, మనది రాజకీయ వేదిక కాబట్టి ప్రభుత్వాలను అడగాల్సింది కూడా అడుగుదాం. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చింది. మనం ఏళ్ళతరబడి పోరాడి సాధించుకున్నది, స్వాగతిద్దాం. కానీ శవపేటిక వెంట వచ్చే డబ్బుతో పాటు, పేటిక రాకుండా చూసే పని కూడా కావాలి. కల్తీ కల్లు ఇప్పటికీ ఆగలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో ఆ కల్లు తాగి పలువురు చనిపోయారు. దొరికిన దుకాణం మూసి చేతులు దులుపుకోవడం కాదు, అల్ప్రాజోలం తయారుచేసి సరఫరా చేసే ఫ్యాక్టరీ దాకా కేసు వెళ్ళాలి. ఆ కల్లు మీద బతికే గీత కార్మికుణ్ణి దొంగను చేయకుండా వెళ్ళాలి.

విదేశాంగ శాఖ 2018 నుంచి నడుపుతున్న ప్రయాణపూర్వ శిక్షణలో కల్లు అలవాటు, మందుల నియమాలు, గసగసాలు, ఇతరుల పార్సిళ్ళు తెలుగులో పాఠంగా చేర్చాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి జిల్లా ఆసుపత్రుల్లో గల్ఫ్ పోయేవాడికి ఉచిత పరీక్ష, సలహా ఉండాలి. ఈ అలవాటు డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాల్సింది, దానికి వారాలు పడుతుంది. టికెట్ చేతికొచ్చాక మొదలుపెడితే లాభం లేదు. ఇటు రాయచోటి, రాజంపేట, కోనసీమ నుంచి వచ్చే ఆంధ్ర అన్నదమ్ములకూ ఇదే కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో గంజాయి మీద ఈగల్ అనే ప్రత్యేక దళం పెట్టింది. పట్టుకునే దళాలు వచ్చాయి, మాన్పించే వార్డులు కూడా రావాలి.

మిత్రులారా, మీలో చాలామంది ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. ఇంగ్లీషు వచ్చు, కొందరికి అరబిక్ వచ్చు. ఒక్కొక్కరు ఒక్క వర్క్‌షాపును తీసుకోండి. కాయితం మేం ఇస్తాం, అనువాదాలు తయారుగా ఉన్నాయి. ముదీర్ దగ్గర కూర్చుని సంతకం పెట్టించడం మీ వంతు. ఎక్కువ కాదు, రెండు మూడు శుక్రవారాల పని.

పోయిన ఏడాది ఆ కోరుట్ల అన్నకు మళ్ళీ ఫోన్ చేశాను. జరిగింది ఏమిటో చెప్పి, తప్పు నాదే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా పెద్దోడు పాస్‌పోర్ట్ తీసిండు తమ్మీ. వానికీ అలవాటున్నది. ఏం చెయ్యాల్నో చెప్పు" అన్నాడు. ముందు డాక్టర్‌కు చూపించమని, వీసా తర్వాత అని చెప్పాను. ఆ పిల్లవాడు ఇప్పుడు మందు తగ్గించుకుంటున్నాడు. బహుశా కొన్ని నెలల్లో ఇక్కడికి వస్తాడు. ఏ వర్క్‌షాపుకు వస్తాడో నాకు తెలియదు. అది మీలో ఎవరో ఒకరిది కావచ్చు. దిగిన మొదటి రోజే అతన్ని పక్కకు పిలిచి, నేను అడగని ఆ ప్రశ్న అడగండి.